పియానో ఇల్లు మారిన రోజు

పొద్దున్న ఐదింటికే డ్రైవరమ్మ మొదటి ట్రిప్పు బస్సు తియ్యడానికి డిపోకి వెళ్లిపోయేది. అదే డిపోలో మెకానిక్కుగా చేసే ఆమె మొగుడికి డ్యూటీ తొమ్మిదింటికి. కాబట్టి ఆరున్నరకి పిల్లని లేపడం, మొహం కడిగించడం, పాలు తాగించడం, పియానో ముందు కూర్చోబెట్టడం అన్నీ అతని వంతే. గడియారం చూసి పావుగంట, అంతే. అంతకు మించి కూర్చోబెడితే ఆ ఏడేళ్ల పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుందని అతనికి మొదటి వారంలోనే తెలిసొచ్చింది.

పిల్ల కుడిచెయ్యి మొదలుపెట్టేది, ఎడమచెయ్యి అందుకునేది, పియానో నేల మీంచి బెత్తెడు లేచేది. అంతలో ఎక్కడో ఒక వేలు తప్పేది. పియానో ధబ్బున కిందపడేది. కింది వాటాలోంచి రిటైరైన రైల్వే గార్డుగారు చేతికర్రతో తన పైకప్పు మీద రెండుసార్లు పొడిచేవారు. మెకానిక్కు వంగి, నేలకేసి, "తప్పయిపోయిందండీ" అనేవాడు. మళ్లీ మొదలు. ఆ పిల్లకి పిడుగు అని పేరు పెట్టింది గార్డుగారే. ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పియానో తీరే అంత. సరిగ్గా వాయిస్తే లేస్తుంది, తప్పు వాయిస్తే పడుతుంది. గట్టిగా వాయిస్తే పైకి, మెత్తగా వాయిస్తే కిందికి. పిల్ల నేర్చుకునే పుస్తకంలో ముందుండే చిన్నాచితకా పాఠాలకి కాలు కూడా కదపదు, చివర్లో ఉన్న అసలు సిసలు పాటకే లేస్తుంది. అదీ రోజుకి మూడుసార్లే. నాలుగోసారి అదే పాట ఎంత బాగా వాయించినా, అలిగిన అల్లుడిలా బిగుసుకుని కూర్చుంటుంది. ఇంట్లోవాళ్లు ఆ మర్యాదలన్నీ తెలుసుకుని సర్దుకున్నారు. డ్రైవరమ్మ గోల ఒక్కటే, గచ్చు పగిలిపోతోందని. మెకానిక్కు పాత బస్సు టైరు కోసి నాలుగు కాళ్ల కిందా ముక్కలు పెట్టాడు.

అసలు అది వీళ్లది కాదు. రెండో అంతస్తులో వాటా అద్దెకి తీసుకున్నప్పుడే గోడవారగా ఉంది. ముందున్నవాళ్లు వదిలేసి పోయారు. వాళ్లదేమీ దానగుణం కాదు, గతిలేక వదిలేశారు. పియానో ఎక్కినప్పుడు మెట్లదారి వెడల్పుగా ఉండేది, తర్వాత ఆ దారి మధ్యలో లిఫ్టు కట్టారు. ఎక్కింది ఎక్కినట్టే ఉండిపోయింది.

మెకానిక్కుకి సంగీతం గురించి తెలిసింది గుండుసున్నా. నేర్పించే టీచరుగారి ఇల్లేమో ఊరికి అటు చివర. పిల్ల మాత్రం ఆ మూత తెరవకుండా ఒక్క పూట ఉండదు. ఇక చేసేదేముందని కొత్తగా నేర్చుకునేవాళ్ల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, పిల్లకంటే ఒక పేజీ ముందు తను చదవడం మొదలుపెట్టాడు. స్వరాలు ఏడేనని అందులో చదివి ఎగిరి గంతేశాడు. తన పనిముట్ల సంచీలో రోజూ వాడే స్పానర్లు కూడా సరిగ్గా ఏడే. తెల్ల మీటల మీద కాగితం ముక్కలు అంటించి, ఆ స్పానర్ల సైజులే, ఎనిమిది, పది, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది అని రాసి పారేశాడు. పంతొమ్మిది అయిపోతే మళ్లీ ఎనిమిది.

"తొమ్మిదీ పదకొండూ ఏమయ్యాయి బాబూ?" అని గార్డుగారు ఒకసారి మెట్ల మీద ఆపి అడిగారు. గోడలు పల్చన కదా, అన్నీ వినబడతాయి.

"వాటితో పెద్దగా పనుండదండీ," అన్నాడు మెకానిక్కు.

నవ్వితే నవ్వారు గానీ, పిల్లకి మాత్రం ఎక్కింది. పైగా మెకానిక్కుకి పని నేర్పడం వచ్చు. ఇంజన్లో తేడా వస్తే అన్నీ ఒకేసారి విప్పకూడదు కాబట్టి, ముందు కుడిచెయ్యి ఒక్కటే, తర్వాత ఎడమచెయ్యి ఒక్కటే, ఆ తర్వాతే రెండూ. ఎత్తు ఎక్కేటప్పుడు ఫస్టు గేరే కాబట్టి, కష్టమైన చోట మెల్లగా. తప్పు వాయించినందుకు ఒక్కనాడూ కసరలేదు. "ఎక్కడ కొట్టుకుంటోందో నువ్వే విని చెప్పు," అనేవాడు. పిల్ల తల వంచి విని, "పద్నాలుగు దగ్గర, నాన్నా," అనేది. ఆ మాటకి అతనికి ఒళ్లు పులకరించేది.

అలా నాలుగు నెలలు గడిచాయి. చివరి పాట సగం దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. రోజూ అదే చోట పియానో ధబ్బుమనేది.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా గార్డుగారు. మెకానిక్కు చేతులు జోడించి, "ఇవాళ్టి నుంచి ఇంకో రెండు టైరు ముక్కలు వేస్తానండీ," అని మొదలెట్టాడు.

"టైర్ల సంగతి అలా ఉంచు. రోజూ అక్కడిదాకా వింటున్నాను, అక్కడే పడుతోంది. ఆ తర్వాతది వినబడక నాకు పిచ్చెక్కిపోతోంది," అన్నారాయన. "ఆ పాట నా దగ్గర రికార్డుంది. పిల్లని ఒకసారి పంపించు."

గార్డుగారికి పెళ్లాం పిల్లలు లేరు. ఉన్నదల్లా రికార్డులే, నలభై రెండు. గదిలో ఒకే ఒక్క మంచి కుర్చీ ఉంటే దాంట్లో పిడుగుని కూర్చోబెట్టి, తను మంచం అంచున కూర్చుని రికార్డు మీద సూది పెట్టారు. పిడుగు రోజూ వాయించే పాటే. కానీ ఇది గబగబా ఎక్కడికీ పోవడం లేదు. సరిగ్గా రోజూ పియానో పడే చోటు వచ్చేసరికి, వాయించేవాళ్లు చేతులు ఎత్తేసినట్టు ఓ క్షణం ఊరుకుండిపోయారు. తర్వాత ఎడమచెయ్యి చాలా మెత్తగా మొదలైంది.

"ఎందుకు ఆగిపోయారు, తాతగారూ? తప్పొచ్చిందా?"

"తప్పు కాదమ్మా. కుడిచెయ్యి ఏదో అడిగింది. ఎడమచెయ్యి ఆలోచించుకుని చెప్తోంది. అడగ్గానే తడుముకోకుండా చెప్పేస్తే అది మాట్లాడుకోవడం ఎలా అవుతుంది?"

"పాటలో ఇద్దరున్నారా?"

"నీకు చేతులెన్ని?"

పిడుగు రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "మళ్లీ పెట్టండి," అంది. మళ్లీ పెట్టారు. ఆ మధ్యాహ్నం తొమ్మిదిసార్లు పెట్టారు. తర్వాత వేరే రికార్డు పెడితే దాన్లోనూ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వేలితో చూపించడం మొదలెట్టింది. ఒకదాంట్లో తగువాడుకుంటున్నారంది. ఇంకోదాంట్లో ఒకళ్లు అలిగారు, రెండోవాళ్లు బతిమాలుతున్నారంది. వందల ఏళ్ల కిందట ఎక్కడో ఎవరో రాసుకున్న మాటలు తన ఇంట్లో ఏడేళ్ల పిల్లకి ఇలా వినబడుతుంటే గార్డుగారు రికార్డు మీద రికార్డు పెడుతూ పోయారు. చీకటి పడేదాకా పిల్లని పైకి పంపలేదు. ఆ రోజు నుంచి ఆదివారాలు పిడుగు కింది వాటాలోనే ఉండేది.

పాట ఓ కొలిక్కి వస్తున్న సమయంలో గేటుకి కాగితం అంటించారు. బిల్డింగు పాతబడిపోయింది, శుక్రవారం సాయంత్రానికల్లా అందరూ ఖాళీ చెయ్యాలి, శనివారం కూలగొడతారు.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. ఒక పెద్ద కూడలి దాటి, రెండు వీధుల అవతల, కింది అంతస్తులో, ఒకప్పుడు కార్ల షెడ్డుగా ఉన్న ఇల్లు. రెండు రెక్కల గేటు. అందులోనే పక్క గది గార్డుగారికి. కష్టమల్లా పియానోతోనే. వడ్రంగి వచ్చి టేపు పెట్టి, మెట్లదారి కొలిచి, పియానో కొలిచి, మళ్లీ మెట్లదారి కొలిచి పెదవి విరిచాడు.

"దిగదండీ. ముక్కలు చేస్తే తప్ప దిగదు. చేశాక మళ్లీ అతకడం నా వల్ల కాదు."

పిడుగు తలుపు పక్కన నిలబడి వింది. ఏడ్చి గోల చేస్తుందేమో అనుకున్నారు. చెయ్యలేదు. ఆ పూట కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు, రెండో పూటా ముట్టలేదు. మెకానిక్కు ప్రాణం విలవిల్లాడిపోయింది. చేతిలో అన్ని పనిముట్లుండి కూతురి పియానోని కాపాడలేకపోతున్నానని డిపోలో బస్సు కింద పడుకుని కళ్లు తుడుచుకున్నాడు.

దారి చెప్పింది డ్రైవరమ్మ. గచ్చు పోయింది, చెవులు పోయాయి అని రోజూ పియానోని తిట్టిపోసే మనిషే, ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ మామూలుగా అంది. "మెట్ల మీంచి దిగకపోతే కిటికీలోంచి దిగుతుంది. దాన్ని లేపడం మన పిల్లకి వచ్చు కదా?"

"ఇంతవరకూ ఒక్కసారి కూడా పడకుండా మొత్తం వాయించలేదే!" అన్నాడు మెకానిక్కు.

"బుధవారమే కదా ఇవాళ," అంది డ్రైవరమ్మ.

కొత్త దారిలో బస్సు వేసేముందు చేసినట్టే అన్నీ లెక్క చూసింది. కిటికీలోంచి దించి, గాల్లోనే తాడుతో లాక్కుంటూ కొత్త ఇంటిదాకా నడిస్తే పన్నెండు నిమిషాలు. పాట నాలుగు నిమిషాలు. రోజుకి మూడుసార్లు, అంటే సరిగ్గా సరిపోతుంది. మధ్యలో రోడ్డు మీద దిగిందంటే ఆ బరువు పదిమంది వల్ల కూడా కదలదు. అడ్డుగా ఉందని క్రేనుతో ఈడ్చి ఎక్కడో పారేస్తారు. పిల్లకి అది కూడా దాచకుండా చెప్పింది.

"గురువారం సాయంత్రంలోపు మూడుసార్లు వరసగా పడకుండా వాయించావా, శుక్రవారం గోడ తీయిస్తాను. లేకపోతే నిన్ను గాల్లోకి ఎక్కించేది లేదు. నాకు పియానో కంటే నువ్వు ముఖ్యం," అంది.

పిడుగు లేచి వెళ్లి కంచం తెచ్చుకుంది.

గురువారం మెకానిక్కు సెలవు పెట్టాడు. పొద్దుటి నుంచీ పియానో మూత తియ్యనివ్వలేదు. పిల్లని బల్ల ముందు కూర్చోబెట్టి, ఉత్త బల్ల మీదే వేళ్లతో వాయించమన్నాడు, ఫస్టు గేరులో. పదిహేడు, పదిహేడు, పన్నెండు అని పైకి చెప్పుకుంటూ వాయించింది. ఆ చోటు దగ్గర ఆగి, ఎడమచెయ్యి ఆలోచించుకునేదాకా ఊరుకుంది. సాయంత్రం ఐదింటికి మూత తీశారు. ఒకసారి అయింది. రెండోసారి అయింది. మూడోసారి ఆఖరి మీట మీంచి వేలు తీసేదాకా ఇంట్లో ఎవరూ ఊపిరి పీల్చలేదు. పియానో మెల్లగా, పిల్లి దిగినట్టు, టైరు ముక్కల మీదకి దిగింది. కింద కర్ర చప్పుడు లేదు. కాసేపటికి గార్డుగారే పైకొచ్చారు, చేతిలో పాత పచ్చజెండాతో.

శుక్రవారం పొద్దున్నే వడ్రంగీ అతని మనుషులూ కిటికీ చట్రాన్నీ దాని కింది గోడనీ తీసేశారు. ఎలాగూ కూలిపోయే గోడే. మెకానిక్కు స్టూలుని రెండు ఇనప బద్దలతో పియానోకి బిగించి, బస్సు సీటు బెల్టు పిల్ల నడుముకి కట్టి, మూడుసార్లు లాగి చూశాడు. వాటాలన్నిట్లోంచీ పరుపులు తెచ్చి కింద వీధిలో పరిచారు. పియానో కాళ్లకి రెండు తాళ్లు. ఒకటి మొగుడికి, ఒకటి పెళ్లానికి. ముందు గార్డుగారు.

డ్రైవరమ్మ పిల్ల జుట్టు సవరించి, "భయమేస్తే చెప్పు, ఇప్పుడే మానేద్దాం," అంది.

"నువ్వు మొదటిసారి బస్సు నడిపినప్పుడు భయమేసిందా అమ్మా?"

"చచ్చేంత."

"అయితే నాకూ అంతే," అని పిడుగు కుడిచెయ్యి పెట్టింది.

పియానో లేచింది. గోడలో కొట్టిన సందులోంచి, ఒక్క ఇటుక కూడా రాసుకోకుండా బయటికొచ్చింది. డ్రైవరమ్మ కిందకి పరిగెత్తుకొచ్చి తాడు అందుకుంది. "మెత్తగా వాయించు తల్లీ, ఇంకా మెత్తగా," అని తండ్రి కింద నుంచి చేతులూపుతుంటే, డిపోలో బస్సు రివర్సు చేయించే మనిషిలాగే, "రానీ, రానీ, రానీ, అదీ" అంటుంటే, రెండో అంతస్తు ఎత్తులోంచి మొదటి అంతస్తుకి, అక్కడ్నుంచి మనిషెత్తుకి, చివరికి మోకాలెత్తుకి దిగింది. ఆ చోటు వచ్చింది, పిల్ల ఊరుకుంది, ఎడమచెయ్యి జవాబు చెప్పింది, పియానో పడలేదు. పరుపుల పని లేకుండానే వీధిలోకి తిరిగారు. గార్డుగారు జెండా ఎత్తారు.

వీధిలో జనం కాస్త పక్కకి తప్పుకున్నారు. "ఏ ఇంటికండీ?" అని ఒకాయన అడిగాడు. "తోవలో ఆ గొయ్యి చూసుకోండి," అని ఇంకొకాయన చెప్పాడు. రెండోసారి పాట మొదలయ్యాక పిడుగుకి సంతోషం పట్టలేక చేతులు బరువెక్కాయి, పియానో ఒక్క ఊపున మేడ పిట్టగోడల దాకా లేచిపోయింది. తాళ్లు చేతుల్ని కోస్తుంటే మొగుడూ పెళ్లాం మునివేళ్ల మీద నిలబడ్డారు. ఒకావిడ ఆరేసిన బట్టలు గబగబా పక్కకి లాక్కుని, "మా దుప్పటి జాగ్రత్త పాపా," అంది. పిడుగు నాలుక కరుచుకుని, మెత్తగా వాయిస్తూ కిందికి దిగింది.

కూడలికి వచ్చారు. ఎర్ర లైటు పడింది. డ్రైవరమ్మ ఠక్కున ఆగిపోయింది.

"పద పద, ఎగిరే బండికి సిగ్నలేంటి?" అన్నాడు మెకానిక్కు.

"బండి బండే," అంది ఆమె. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క ఎర్ర లైటు దాటని మనిషి. పియానో బస్సుకీ పాల వ్యానుకీ మధ్య గాల్లో ఊగుతూ నిలబడింది, పిడుగు వాయిస్తూనే ఉంది. రెండు నిమిషాల తర్వాత పచ్చ లైటు పడ్డాక గానీ డ్రైవరమ్మకి సంగతి తట్టలేదు. నడకని లెక్కేసింది, పాటని లెక్కేసింది, సిగ్నల్ని లెక్కెయ్యలేదు. డిపోలో అయితే ఆ లెక్క టైమింగు గుమస్తా చూసుకుంటాడు.

"నేను గడ్డి తిన్నాను," అంది. "మూడోసారి సగం అయిపోయింది. ఇంకా వీధిన్నర ఉంది."

తాడు భుజాన వేసుకుని ఇద్దరూ పరుగు లంకించుకున్నారు. బరువు లేకపోయినా గాలికి అటూ ఇటూ ఊగే వస్తువుని ఎంతని లాగుతారు? గార్డుగారు ఆయాసపడుతూ వెనకపడిపోయారు. సిగ్నల్ దగ్గర పక్కనే ఆగిన బస్సు ఇప్పుడు వీళ్ల వెనకే దారి దొరక్క నత్తనడక నడుస్తోంది. పాట ఆఖరి వరసకి వచ్చింది. కొత్త ఇంటి గేటు ఇంకా వీధి అవతలి చివర ఉంది.

"అమ్మా, పాట అయిపోతోంది," అంది పిడుగు.

తల్లి తాడు ఇంకా గట్టిగా లాగింది. పిల్లకి వచ్చింది ఆ ఒక్క పాటే, దానికి పియానో ఇవాళ మళ్లీ లేవదు.

ఆఖరి మీట మోగింది. పియానో జానెడు కిందికి జారింది. మెకానిక్కు తాడు వదిలేసి, రెండు చేతులూ చాచి దాని కిందకి దూరిపోయాడు, ఆ బరువు తన మీద పడితే తను ఏమైపోతాడో ఆలోచించకుండానే.

అప్పుడు పిడుగు చెయ్యి తియ్యలేదు. ఓ క్షణం ఊరుకుంది. ఎడమచెయ్యి ఏదో అడిగింది, చిన్నగా, మూడే మీటలతో. కుడిచెయ్యి ఆలోచించుకుని జవాబు చెప్పింది. పియానో ఆగింది. ఎడమచెయ్యి మళ్లీ అడిగింది, ఈసారి కొంచెం పొడుగ్గా. కుడిచేతికి నవ్వొచ్చినట్టుంది, పైనుంచి కిందికి గలగలా దిగింది. పియానో లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు.

"పాట అయిపోయింది కదే!" అన్నాడు తండ్రి కిందనుంచి.

"పాట అయిపోయింది నాన్నా. వాళ్లకి మాటలు అయిపోలేదు," అంది పిడుగు.

మెకానిక్కు పియానో కిందనుంచి బయటికొచ్చాడు. తాడు మళ్లీ అందుకున్నాడు. మీటల మీద అంటించిన కాగితాలు గాలికి ఊడి ఎగిరిపోతుంటే పిల్ల వాటికేసి చూడను కూడా లేదు. రెండు చేతులూ ఒకదాని మాటకి ఒకటి అడ్డొచ్చి, తగువాడుకుని, మళ్లీ కలిసిపోయి ఒకేసారి మాట్లాడటం మొదలెట్టాయి. వీధిలో షట్టర్లు ఎత్తుతున్నవాళ్లు ఎత్తడం ఆపి విన్నారు. గార్డుగారు ఎలాగో పరిగెత్తుకొచ్చి అందుకున్నారు, జెండా ఎత్తడం మర్చిపోయి, చెవి ఒగ్గి.

వెనక బస్సులోంచి ఓ పెద్దావిడ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ఎంత బాగుందమ్మా! ఎవరిదీ పాట?"

మెకానిక్కు గార్డుగారి మొహంలోకి చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. "నా నలభై రెండిట్లో లేదు. నేనెప్పుడూ వినలేదు," అన్నారు. ఆయన కళ్లంట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

డ్రైవరమ్మ వెనక్కి తిరగలేదు. గేటు దగ్గరపడుతోంది. తాడు లాగుతూనే, వీధి వీధంతా వినబడేలా చెప్పింది.

"మా అమ్మాయిది."